కాలేజీ అమ్మాయిల టీమ్‌లో బాడీ కంపోజిషన్ మూడేళ్లు ట్రాక్ చేయడం ఎలా: కాలిపర్ పట్టడం నుంచి నిర్ణయం దాకా

"మేడమ్, ఫస్టియర్‌లో చేరినప్పుడు 52 ఉండేది, ఇప్పుడు 56 తూగుతోంది, తగ్గించాలా?" పీడీ (ఫిజికల్ డైరెక్టర్) సార్లు, అమ్మానాన్నలు, ఆడే అమ్మాయిలు, అందరూ తిప్పి తిప్పి నన్ను అడిగేది ఇదే. కాటా చూసి చెప్పలేనండి అంటే మొహం మాడ్చుకుంటారు. ఆ 4 కిలోలు కండ అయ్యుండొచ్చు, కొవ్వు అయ్యుండొచ్చు, నీళ్లు అయ్యుండొచ్చు, మూడూ కలిసి కూడా అయ్యుండొచ్చు. ఏది ఎంతో తెలియాలంటే ఒక పద్ధతి ప్రకారం కొలవాలి, మళ్లీ మళ్లీ కొలవాలి. డిగ్రీ కాలేజీ వాలీబాల్, అథ్లెటిక్స్ అమ్మాయిలతో నేను చేసే పద్ధతే ఇక్కడ రాస్తున్నా, లక్షల పరికరాలు అక్కర్లేదు.

## 1. ముందు ఏం ట్రాక్ చేస్తున్నారో తేల్చుకోండి

ఒంట్లో ఉన్నదాన్ని మన లెక్క కోసం రెండు ముక్కలు చేస్తాం. ఒకటి కొవ్వు. రెండోది కొవ్వు కానిదంతా, అంటే కండ, ఎముక, నీళ్లు, లోపలి అవయవాలు. ఈ రెండోదాన్ని లీన్ మాస్ అనుకుందాం.

ఆడపిల్లకి కొంత కొవ్వు ఉండి తీరాలి. దాదాపు 12 శాతం దాకా శరీరం నడవడానికే కావాలి, అది తీసేసే సరుకు కాదు. అందుకే అబ్బాయిల టీమ్‌కి వాడే టార్గెట్ తెచ్చి అమ్మాయిల మీద పెట్టకండి.

ఇంకోటి, శాతం ఒక్కటే రాసుకుంటే మోసపోతారు. కొవ్వు కదలకుండా కండ తగ్గినా శాతం పెరుగుద్ది. అందుకే రిజిస్టర్‌లో ఎప్పుడూ బరువు, కాలిపర్‌తో కొలిచిన చర్మం మడతల మొత్తం మిల్లీమీటర్లలో, చేయి-తొడ చుట్టుకొలతలు, కొవ్వు కిలోలు, లీన్ కిలోలు పక్కపక్కన ఉండాలి.

## 2. పరికరం: ఒకటి పట్టుకోండి, మూడేళ్లూ అదే వాడండి

డెక్సా స్కాన్: ఎముకల డెన్సిటీ చూసే మిషనే, హోల్ బాడీ మోడ్‌లో కండ, కొవ్వు విడివిడిగా చెప్తుంది. రేడియేషన్ చాలా తక్కువ, కానీ ప్రెగ్నెన్సీ అవకాశం ఉంటే తీయకూడదు. డబ్బులుంటే ఏడాదికోసారి చాలు. అయితే ప్రతిసారీ అదే సెంటర్, అదే మిషన్. ఈ ఏడాది ఒక ఊళ్లో, వచ్చే ఏడాది ఇంకో ఊళ్లో తీయించి రెండు రిపోర్టులు పోల్చితే అది పోలికే కాదు.

జిమ్‌లో నిలబడే మిషన్: ఒంట్లోకి చిన్న కరెంటు పంపి నీళ్లని బట్టి లెక్కగట్టేది. నీళ్లు తాగినా, చెమట పోయినా, అన్నం తిన్నా, పీరియడ్స్ దగ్గరపడినా అంకె మారిపోద్ది. ప్రాక్టీస్ ముందోసారి, తర్వాతోసారి ఎక్కి చూడండి, గంటన్నరలో "కొవ్వు" మారినట్టు చూపిస్తుంది. ఇదొక్కటే దిక్కైతే పొద్దున్నే పరగడుపున ఎక్కించండి, అంతకంటే దాన్ని నమ్మకండి.

స్కిన్‌ఫోల్డ్ కాలిపర్: చర్మాన్ని, దానికింద కొవ్వుని మడతగా పట్టి ఆ మందం కొలిచే పట్కారు లాంటిది. నా ఓటు దీనికే. చవక, కరెంటు అక్కర్లేదు, గ్రౌండ్‌కి తీసుకెళ్లొచ్చు. కాకపోతే చేతికి అలవాటు కావాలి. కనీసం 30 మందిని కొలిచాక గానీ మీ అంకెల మీద మీకు నమ్మకం కుదరదు, తొందరపడకండి.

దీంతోపాటు సాగని టేపు ఒకటి కొనండి. టైలర్ టేపు వద్దు, ఏడాది వాడితే సాగుతుంది, తొడ సన్నబడిందని మీరు సంబరపడతారు.

## 3. ఎవరు కొలవాలి, ఎక్కడ కొలవాలి

ఈ స్టెప్పు దాటేసి కాలిపర్ పట్టుకునేవాళ్లే ఎక్కువ, అందుకే గట్టిగా చెప్తున్నా.

కొలిచేది మహిళే అయ్యుండాలి. పీడీ సార్ అయితే పక్క డిపార్ట్‌మెంట్ మేడమ్‌కో, సీనియర్ అమ్మాయికో నేర్పించండి. తలుపు మూసే గది కావాలి, ఒకసారికి ఒక్క అమ్మాయే లోపలికి రావాలి, రాసుకునేది కూడా మహిళే.

అమ్మాయి ఒప్పుకోవాలి, "నాకొద్దు మేడమ్" అంటే అక్కడితో ఆపేయాలి. వద్దన్నందుకు టీమ్ సెలెక్షన్‌లో తేడా చూపించకూడదు. 18 నిండని వాళ్లని డాక్టర్ చెప్తే తప్ప పెర్ఫార్మెన్స్ కోసం కొలవకండి. ఫస్టియర్‌లో 17 ఏళ్ల పిల్లలు ఉంటారు, డేట్ ఆఫ్ బర్త్ చూస్కోండి. ఇంతకుముందు తిండి మానేసే, తిని కక్కేసే అలవాటు ఉన్నవాళ్లని కూడా ఈ లిస్టులోంచి తీసేయండి, వాళ్లకి కావాల్సింది డాక్టర్.

నేను కొత్తలో పనిచేసిన ఒక కాలేజీలో టీమ్ మొత్తం బరువులు పేర్లతో సహా నోటీస్ బోర్డు మీద అంటించారు. వారం తిరక్కుండా ఒకమ్మాయి రాత్రి భోజనం మానేసింది, ఇంకో అమ్మాయి ఆటే మానేసింది. అప్పట్నుంచి నా రిజిస్టర్‌లో పేర్లు ఉండవు, నంబర్లే. వాట్సాప్ గ్రూపులో అయితే ఒక్క అంకె కూడా పడదు.

## 4. మూడేళ్ల క్యాలెండర్ వేసుకోండి

ప్రతి వారం కొలిస్తే పిచ్చెక్కడం తప్ప ఏం తెలియదు. ఏడాదికి 4 సార్లు చాలు.

- కాలేజీ తెరిచాక రెండు వారాల్లోపు, ట్రైనింగ్ మొదలయ్యే ముందు
- ఇంటర్ కాలేజియేట్ టోర్నమెంట్‌కి 2, 3 వారాల ముందు
- సీజన్ అయిపోయాక, ఇంటర్ యూనివర్సిటీ ఆడొచ్చిన వాళ్లకి కనీసం వారం రెస్ట్ ఇచ్చి
- పరీక్షలు మొదలయ్యే ముందు, వేసవి సెలవులకి ఇంటికి వెళ్లేలోపు

నాలుగోదాన్ని ఎగ్గొట్టకండి. మేలో పెళ్లిళ్లు, మామిడిపళ్లు, ప్రాక్టీస్ సున్నా. జులైలో వచ్చినప్పుడు అంకె మారి ఉంటే అది సెలవుల్లో వచ్చిందా, సీజన్ నుంచే ఉందా అన్నది ఏప్రిల్ కొలత ఉంటేనే తెలుస్తుంది.

సెలవుల్లో మార్పు రావడం తప్పు కాదు, ఆఫ్ సీజన్‌లో కొవ్వు కాస్త పెరిగి కండ కాస్త తగ్గడం ఎక్కడైనా ఉన్నదే. చూడాల్సింది జులై అంకె కాదు, అక్టోబర్‌కి వెనక్కి వచ్చిందా లేదా అన్నది.

## 5. కొలిచే రోజు చెక్‌లిస్ట్

ముందురోజు సాయంత్రమే అమ్మాయిలకి చెప్పాల్సినవి:

- పొద్దున 6 నుంచి 8 మధ్య, టిఫిన్ తినకముందే రావాలి
- బాత్రూమ్‌కి వెళ్లొచ్చి బరువు చూస్కోవాలి
- ముందురోజు సాయంత్రం హెవీ వర్కౌట్ వద్దు, కొలిచే రోజు పొద్దున రన్నింగ్ అసలే వద్దు
- చేతులకి, కాళ్లకి కొబ్బరినూనె, లోషన్ రాసుకోవద్దు (మడత జారిపోద్ది, ఇది ప్రతిసారీ ఇద్దరు ముగ్గురు మర్చిపోతారు)
- ప్రతిసారీ ఒకేలాంటి షార్ట్, స్లీవ్‌లెస్ లేదా వదులు టీషర్ట్
- పీరియడ్ మొదలైన తేదీ గుర్తుపెట్టుకుని రావాలి

చివరిదానికి సిగ్గుపడతారు, పర్లేదు, చీటీ మీద రాసిమ్మనండి. పీరియడ్స్‌కి ముందు వారం కొంతమందికి నీరు పట్టి కిలో పైనే పెరుగుద్ది, వచ్చాక దానంతటదే దిగిపోద్ది. వీలైతే పీరియడ్ మొదలైన 5వ రోజు నుంచి 10వ రోజు మధ్యలో కొలవండి. 14 మందికీ అలా కుదరదు కాబట్టి కనీసం ఆ రోజు ఎన్నో రోజో రాసుకోండి, తర్వాత తేడా ఎందుకొచ్చిందో అర్థమవుద్ది.

మీరు తెచ్చుకోవాల్సినవి: కాలిపర్, టేపు, డిజిటల్ కాటా (గట్టి నేల మీద పెట్టాలి, కార్పెట్ మీద కాదు), ఐబ్రో పెన్సిల్, తడిగుడ్డ, రిజిస్టర్. ఐబ్రో పెన్సిల్ ఎందుకంటే చర్మం మీద గుర్తు పెట్టడానికి, తుడిస్తే పోతుంది. మా దగ్గర మార్కర్‌తో గుర్తు పెట్టేసరికి రెండు రోజులు పోలేదు, హాస్టల్ అంతా అడిగారంట.

## 6. కాలిపర్ పట్టడం, నెమ్మదిగా

ఆడవాళ్లకి మూడు చోట్ల కొలిచే జాక్సన్, పొలాక్, వార్డ్ పద్ధతి ఉంది, 1980లో వచ్చింది. చోట్లు ఇవి, అన్నీ కుడివైపే:

జబ్బ వెనకాల. భుజం ఎముక కొస నుంచి మోచేతి ఎముక కొస దాకా టేపు పెట్టి సగంలో గుర్తు పెట్టండి. చేయి వదులుగా వేలాడాలి. మడత నిలువుగా.

నడుం పక్కన. తుంటి ఎముక పైఅంచుకి కాస్త పైన, చంక ముందు మడత నుంచి కిందికి గీత గీస్తే అది వచ్చి కలిసే చోట. మడత ఏటవాలుగా, చర్మం సహజంగా ఎటు వాలితే అటు.

తొడ ముందు. గజ్జల మడతకీ మోకాలి చిప్ప పైఅంచుకీ మధ్యలో. బరువంతా ఎడమకాలి మీద వేసి కుడికాలు వదులు చేయమనండి. మడత నిలువుగా.

ఎలా పట్టాలంటే, ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలుతో గుర్తు పెట్టిన చోటుకి సెంటీమీటర్ పైన చర్మాన్ని, దానికింద కొవ్వుని కలిపి పైకి లాగండి. కండ మీ వేళ్లలోకి రాకూడదు. వచ్చిందో లేదో డౌటా? ఆ కండ బిగించమని చెప్పండి, మీ వేళ్లలోంచి అది జారిపోతే మీరు పట్టింది కొవ్వు మడతే. మళ్లీ వదులు చేయించి కొలవండి. కాలిపర్ దవడలు గుర్తు మీద పెట్టి ట్రిగ్గర్ పూర్తిగా వదలండి, రెండు సెకన్లు ఆగి చదవండి. వేళ్లు మాత్రం వదలకూడదు, చదవడం అయ్యేదాకా మడత మీ చేతిలోనే ఉండాలి. ఎక్కువసేపు ఆగితే కొవ్వు నలిగి ముల్లు కిందికి దిగుతూనే ఉంటుంది, ఒకరికి రెండు సెకన్లు ఇంకొకరికి ఆరు సెకన్లు అయితే లెక్క గోవిందా.

మూడు చోట్లూ ఒక రౌండ్ పూర్తిచేసి మళ్లీ మొదటికి రండి. ఒకే చోట వెంటవెంటనే రెండుసార్లు నొక్కొద్దు. రెండు రీడింగుల మధ్య 1 మిల్లీమీటర్ కంటే తేడా వస్తే మూడోది తీసుకుని, మూడింట్లో మధ్యదాన్ని రాయండి.

తొడ దగ్గర కష్టం. గట్టిగా ఆడే అమ్మాయిలకి అక్కడ చర్మం బిగుతుగా ఉంటుంది, మడత రాదు, లాగితే "అబ్బా మేడమ్" అంటారు. కుర్చీలో కూర్చోబెట్టి, ఆమె రెండు చేతులతో తొడని కిందనుంచి పైకి ఎత్తి పట్టుకోమంటే మడత సులువుగా వస్తుంది. అలా కొలిస్తే ఆ అమ్మాయికి మూడేళ్లూ అలాగే కొలవాలి, రిజిస్టర్‌లో "కూర్చుని" అని రాయండి.

చుట్టుకొలతలు: జబ్బ సగంలో చేయి వదులుగా ఉంచి, తొడ సగంలో, నడుం సన్నగా ఉన్నచోట. తొడ మాత్రం రెండు కాళ్లూ కొలవండి, మోకాలి గాయం అయినప్పుడు ఈ పాత అంకె బంగారం.

## 7. మీ చేతి తప్పు ఎంతో ముందే లెక్కగట్టండి

ఇది చేసేవాళ్లు నూటికి ఒకరు కూడా కనపడలేదు నాకు, కానీ ఇది లేకపోతే మిగతాదంతా వేస్ట్.

10 మందిని ఒకరోజు కొలవండి, మర్నాడు పొద్దున మళ్లీ వాళ్లనే, మొదటి అంకెలు చూడకుండా కొలవండి. ఒక్క రోజులో కొవ్వు మారదు కాబట్టి వచ్చిన తేడా అంతా మీ చేతిదే.

ఉదాహరణకి మూడు చోట్ల మొత్తంలో తేడాలు ఇలా వచ్చాయనుకోండి: 1, 2, 0, 3, 1, 2, 2, 1, 0, 4 మిల్లీమీటర్లు.

- ఒక్కోదాన్ని వర్గం చేసి కూడండి: 40
- మనుషుల సంఖ్యకి రెట్టింపుతో భాగించండి: 40 ÷ 20 = 2
- వర్గమూలం: సుమారు 1.4 మిల్లీమీటర్లు. ఇది మీ తప్పు.
- దాన్ని 2.77తో గుణించండి: సుమారు 3.9

అంటే ఒకమ్మాయి మొత్తం 4 మిల్లీమీటర్లైనా మారితే తప్ప నిజంగా మారిందని మీరు నోరు తెరవకూడదు. 2 తగ్గితే "తగ్గావ్ శభాష్" అనడం, 2 పెరిగితే చిరాకుపడటం రెండూ తప్పే, ఆ 2 మీ వేళ్లలోది.

ఈ టెస్ట్ ఏడాదికోసారి మళ్లీ చేయండి. కొలిచే మనిషి మారితే కొత్త మనిషికి వేరేగా చేయాలి.

## 8. లెక్క వేద్దాం రండి

మా టీమ్‌లో ఒకమ్మాయి, నంబర్ 7 అనుకుందాం. అంకెలు లెక్కకి వీలుగా పెట్టాను. చేరినప్పుడు వయసు 19, బరువు 56 కిలోలు. జబ్బ 16, నడుం 14, తొడ 24, మొత్తం 54.

సూత్రం: డెన్సిటీ = 1.0994921 − (0.0009929 × మొత్తం) + (0.0000023 × మొత్తం × మొత్తం) − (0.0001392 × వయసు)

నంబర్ 7కి 1.04994 వస్తుంది. దాన్ని కొవ్వు శాతం చేయడానికి: 495 ÷ డెన్సిటీ − 450. అంటే 21.5 శాతం. కొవ్వు 12 కిలోలు, లీన్ 44 కిలోలు. ఎక్సెల్‌లో ఒకసారి సూత్రం పెట్టేస్తే ఇంక కాలిక్యులేటర్ నొక్కే పనిలేదు.

ఏడాది తర్వాత అదే అమ్మాయి. వయసు 20, బరువు 57.4. జబ్బ 15, నడుం 13, తొడ 22, మొత్తం 50. కొవ్వు 20.2 శాతం. కొవ్వు 11.6 కిలోలు, లీన్ 45.8.

బరువు 1.4 కిలోలు పెరిగింది. కోచ్ అయితే కాటా చూసి "లావయ్యావమ్మా, అన్నం తగ్గించు" అనేశాడు. లెక్క చూస్తే లీన్ 1.8 పెరిగింది, కొవ్వు 0.4 తగ్గింది.

ఆగండి, ఇక్కడే ఏడో స్టెప్పు గుర్తుతెచ్చుకోండి. 54 నుంచి 50కి 4 మిల్లీమీటర్లు, మన గీత 3.9. అంచు మీద ఉంది. కాబట్టి "కొవ్వు తగ్గింది" అని గట్టిగా చెప్పను. "కొవ్వు పెరగలేదు, పెరిగిన బరువు కొవ్వు కాదు" అని మాత్రం ధైర్యంగా చెప్తా. ఈ అమ్మాయికి తెలియాల్సింది కూడా అదే.

కండని వేరే దారిలో కూడా సరిచూసుకోవచ్చు. జబ్బ చుట్టుకొలత సెంటీమీటర్లలో తీసుకుని, అందులోంచి 3.14 × జబ్బ మడత (సెంటీమీటర్లలో) తీసేయండి. నంబర్ 7కి చేరినప్పుడు 25.0 − (3.14 × 1.6) = 20.0. ఏడాది తర్వాత 25.6 − (3.14 × 1.5) = 20.9. చేతిలో కండ పెరిగింది, రెండు లెక్కలూ ఒకే మాట చెప్తున్నాయి.

ఒక హెచ్చరిక. ఈ సూత్రం అమెరికా ఆడవాళ్లని కొలిచి తయారుచేసింది. అదే బీఎంఐ (ఎత్తుని బట్టి బరువు లెక్క) ఉన్నా మనవాళ్ల ఒంట్లో కొవ్వు పాళ్లు ఎక్కువ ఉంటాయన్నది తెలిసిన విషయమే, కాబట్టి 21.5 అన్న అంకెని పట్టుకుని వేరే దేశం టేబుల్‌తో పోల్చొద్దు. అదే అమ్మాయి పోయినసారి అంకెతోనే పోల్చండి. నిజానికి నేను శాతం కంటే మిల్లీమీటర్ల మొత్తాన్నే నమ్ముతా, అందులో ఏ సూత్రం తప్పూ కలవదు.

## 9. మూడేళ్లలో ఏం మారుతుంది, ఎలా చదవాలి

మొదటి ఏడాది గందరగోళం. ఇంటి తిండి నుంచి హాస్టల్ తిండికి వస్తారు, ఇంతకుముందు వెయిట్స్ ముట్టని పిల్ల మొదటిసారి స్క్వాట్ చేస్తుంది. కొత్తగా వెయిట్స్ మొదలుపెట్టినవాళ్లకి కండ త్వరగా వస్తుంది. అదే సమయంలో రాత్రి పూట నూడుల్స్, పఫ్‌లు తిని కొందరికి కొవ్వూ వస్తుంది. రెండూ కలిసి 2, 3 కిలోలు పెరగడం మామూలే, మడతలు చూడకుండా ఏదీ అనకండి.

రెండో ఏడాది నెమ్మదిస్తుంది. అమెరికాలో కాలేజీ టీముల అమ్మాయిల్ని ఏళ్ల తరబడి డెక్సాతో ఫాలో అయిన స్టడీల్లో కూడా మార్పులు చిన్నచిన్నవే, లీన్ మాస్ కిలోకి అటూ ఇటుగా. అక్కడ జిమ్, డైటీషియన్ అన్నీ ఉండి అంత, మనం ఆరు నెలల్లో 5 కిలోల కండ అని కలలు కనడం దేనికి.

మూడో ఏడాది చాలామందికి అంకెలు నిలబడిపోతాయి. అది ఫెయిల్యూర్ కాదు. జంప్, స్ప్రింట్ టైమ్ మెరుగవుతూ ఉంటే అంకె కదలకపోయినా పర్లేదు.

ఆటని బట్టి కూడా చదవాలి. షాట్‌పుట్ అమ్మాయికి బరువు పెరగడం పనికొస్తుంది, దూరం పరిగెత్తే అమ్మాయికి అంత అక్కర్లేదు. వాలీబాల్‌లో జంప్ పడిపోకుండా లీన్ పెరిగితే చాలు. బరువు కేటగిరీ ఆటలు వేరే లోకం. 2024 పారిస్ ఒలింపిక్స్ కుస్తీలో వినేశ్ ఫోగాట్ 50 కిలోల కేటగిరీలో 100 గ్రాములు ఎక్కువ తూగి ఫైనల్ పోగొట్టుకుంది, అక్కడ కాటాయే రాజు. కానీ చివరి రాత్రి దిగే ఆ కిలోలు చాలావరకు నీళ్లు, కొవ్వు కాదు, అందుకే బరువు కోసే వారంలో కొలిచిన బాడీ కంపోజిషన్‌ని రిజిస్టర్‌లో ఎక్కించకండి.

త్వరగా చూసుకోవడానికి:

- బరువు పెరిగింది, మడతలు అలాగే ఉన్నాయి: లీన్ పెరిగింది, ఏం మార్చొద్దు
- బరువు అలాగే, మడతలు తగ్గాయి: బాగుంది, తిండి సరిపోతుందో మాత్రం అడగండి
- బరువు పెరిగింది, మడతలూ పెరిగాయి: నిద్ర, రాత్రి తిండి, ప్రాక్టీస్‌కి ఎన్ని రోజులు వచ్చింది చూడండి
- బరువు తగ్గింది, మడతలు అలాగే: కండ పోతోంది, ఇదే ప్రమాదం
- బరువు తగ్గింది, మడతలూ తగ్గాయి, పీరియడ్స్ తప్పాయి: వెంటనే పదో స్టెప్పుకి వెళ్లండి

నాలుగోదాన్ని అందరూ "సన్నబడింది, బాగుంది" అని మెచ్చుకుంటారు. అక్కడే పిల్ల పాడవుతుంది.

## 10. పీరియడ్స్, తిండి, హిమోగ్లోబిన్: ఇవి లేకుండా అంకెలు చదవొద్దు

ఆటకి ఖర్చు పోగా ఒంటికి మిగిలే శక్తి ఎంత అన్నది అసలు ప్రశ్న. అది చాన్నాళ్లు తక్కువైతే పీరియడ్స్ ఆగుతాయి, ఎముకలు బలహీనపడతాయి, గాయాలు మానవు. దీనికి 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ రెడ్-ఎస్ అని పేరు పెట్టింది. కాలేజీ వయసు ఎముక గట్టిపడే చివరి ఏళ్లు, ఇప్పుడు పోగొట్టుకున్నది తర్వాత పూడ్చుకోవడం కష్టం.

లెక్క: (తిన్న కేలరీలు − ప్రాక్టీస్‌లో ఖర్చైనవి) ÷ లీన్ కిలోలు.

మన నంబర్ 7 రోజుకి 1700 తిని, ప్రాక్టీస్‌లో 500 ఖర్చు పెడితే 1200 ÷ 44 = 27. అంటే ఒక్కో లీన్ కిలోకి 27 కేలరీలే మిగిలాయి. ఇది 30 కంటే తక్కువ, మంచిది కాదు. 45 దగ్గర ఉండాలంటే ఆ పిల్ల రోజుకి దాదాపు 2500 తినాలి. తిన్నది ఎవరూ కరెక్టుగా రాయలేరు కాబట్టి 30ని లక్ష్మణరేఖలా చూడొద్దు, హెచ్చరికలా చూడండి.

హాస్టల్‌లో 2500 ఎలా వస్తుందంటే అన్నం వల్ల కేలరీలు వస్తాయి, ప్రోటీన్ దగ్గర చిక్కు. ఆడేవాళ్లకి కిలో బరువుకి 1.2 నుంచి 2 గ్రాముల ప్రోటీన్ చెప్తారు, 56 కిలోలకి 67 నుంచి 112 గ్రాములు. పల్చటి పప్పుచారుతో అది రాదు. రోజూ రెండు గుడ్లు (ఒక్కోదానికి 6 గ్రాములు), గ్లాసు పాలు, పెరుగు, గుప్పెడు వేరుశనగలు, నానబెట్టిన శనగలు, గట్టి పప్పు, వీలైన రోజు చికెన్ లేదా చేప. వార్డెన్‌తో మాట్లాడి గుడ్లు పెంచుకోవడం ఏ పౌడర్ డబ్బా కంటే నయం.

ఉపవాసాలు గుర్తుంచుకోండి. కార్తీక మాసం సరిగ్గా టోర్నమెంట్ల టైమ్‌లో వస్తుంది, సోమవారాలు ఒంటిపూట ఉండి సాయంత్రం ప్రాక్టీస్‌కి వచ్చి కళ్లు తిరిగిన పిల్లల్ని చూశా. మానమని చెప్పను, అది వాళ్ల ఇష్టం. ఆ రోజు ప్రాక్టీస్ తేలిక చేయండి, పాలు పళ్లు తీసుకోనిస్తారేమో అడగండి, కొలత మాత్రం ఆ మర్నాడు పెట్టొద్దు.

హిమోగ్లోబిన్ ఏడాదికి రెండుసార్లు చూపించండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. 12 కంటే తక్కువ ఉన్న పిల్ల ఆయాసపడుతుంటే మనం "కొవ్వెక్కింది, రన్నింగ్ పెంచు" అంటాం, ఎంత అన్యాయమో చూడండి.

డాక్టర్ దగ్గరికి పంపాల్సినవి:

- మూడు నెలలుగా పీరియడ్స్ రాకపోతే
- ఒకే ఏడాదిలో ఎముక మీద రెండోసారి స్ట్రెస్ ఫ్రాక్చర్ అయితే (మొదటిసారికి ఆర్థో దగ్గరికి ఎలాగూ వెళ్తారు, అప్పుడే పీరియడ్స్ సంగతి కూడా చెప్పమనండి)
- కండ పోతూ బరువు తగ్గుతుంటే
- తిన్నాక బాత్రూమ్‌కి పరిగెత్తే అలవాటు మీ కంట పడితే

## 11. నేను చేసిన, చూసిన తప్పులు, వాటి రిపేర్లు

సాయంత్రం ప్రాక్టీస్ అయ్యాక కొలవడం. చెమట, ఉబ్బిన కండ, జారే చర్మం. ఆ రోజు అంకెలు కొట్టేసి రెండు రోజుల తర్వాత పొద్దున తీయండి.

కుడి బదులు ఎడమ. రద్దీలో అవుద్ది. రిజిస్టర్ పైన పెద్దగా "కుడి" అని రాసి పెట్టుకోండి.

మధ్యలో పరికరం మార్చడం. పాత కాలిపర్ పాడయ్యేలా ఉంటే, అది ఇంకా పనిచేస్తుండగానే కొత్తది తెచ్చి 8, 10 మందిని రెండింటితో కొలిచి తేడా రాసుకోండి. నేను ఇది చేయలేదు, ఒక టీమ్ ఏడాది డేటా నదిలో పోసినట్టయింది.

టీమ్ యావరేజ్ చూసి మురిసిపోవడం. సీనియర్లు వెళ్లి కొత్తవాళ్లు వస్తే యావరేజ్ మారిపోద్ది, ఎవరి ఒళ్లూ మారకుండానే. ఒక్కో అమ్మాయి గీత విడిగా గీయండి.

అంకెకి శిక్ష. శాతం ఎక్కువ వచ్చిందని ఎక్స్‌ట్రా రౌండ్లు కొట్టించడం. తర్వాతసారి ఆ పిల్ల ముందురోజు నుంచి తిండీ నీళ్లూ మానేసి వస్తుంది, మీ డేటా చచ్చింది, పిల్లా నీరసపడింది.

## 12. అమ్మాయికి ఎలా చెప్పాలి, చివరి కొలత ఎలా ఇవ్వాలి

చెప్పేటప్పుడు ఒక్కరినే కూర్చోబెట్టి చెప్పండి. అంకె వినాలనుందో లేదో ముందు అడగండి, కొందరు వద్దంటారు. నంబర్ 7 గదిలోకి వస్తూనే "మేడమ్, నేను లావైపోయానా?" అని అడిగింది. శాతం చెప్పకుండా చేతి లెక్క చూపించా, "ఇదిగో ఇక్కడ 20 ఉండేది, 20.9 అయింది, నీ స్పైక్ ఎందుకు గట్టిగా పడుతోందో ఇప్పుడు తెలిసిందా" అంటే జబ్బ మడిచి చూసుకుని నవ్వుకుంటూ వెళ్లింది. ఆట భాషలో చెప్తే అలా ఎక్కుతుంది.

ఫైనలియర్ ఏప్రిల్‌లో చివరిసారి కొలిచినప్పుడు మూడేళ్ల అంకెలు ఒక కాగితం మీద రాసి అమ్మాయి చేతికే ఇవ్వండి, కాలేజీ ఫైల్లో పెట్టి మూసేయకండి. పీరియడ్ వివరాలున్న పేజీ అయితే ఆమె ముందే చింపి ఇచ్చేయండి. ఆట ఆపేసి ఉద్యోగానికో, పీజీకో, పెళ్లికో వెళ్లే పిల్లకి తిండి ప్రాక్టీస్ రోజులంత అక్కర్లేదని, కానీ వారానికి రెండు రోజులైనా వెయిట్స్ ఎత్తితే కండ నిలుస్తుందని ఆ కాగితం వెనకే రాయండి. మా నంబర్ 7 ఆ కాగితం ఫోన్ కవర్లో మడిచి పెట్టుకుంది, మొన్న కనపడినప్పుడు తీసి చూపించి "మేడమ్, జబ్బ ఇప్పుడు ఎంతుందో ఒకసారి కొలవరా" అంది. కాలిపర్ బ్యాగులోనే ఉంది గానీ మధ్యాహ్నం, అప్పుడే బిర్యానీ తిని ఉంది, రేపు పొద్దున 7 గంటలకి పరగడుపున రమ్మన్నా.